తీసుకెళ్తున్నాం, చూస్తున్నాం

అంబులెన్సులో ఎవరూ చనిపోరు. ఇది ఎవరో ఇచ్చిన వరం కాదు, నియమావళిలో అచ్చేసిన మాట. ఒక మనిషి పోయాడని చెప్పే హక్కు డాక్టరుది. డాక్టరు ఉండేది ఆస్పత్రిలో. కాబట్టి బండి ఎక్కిన మనిషి, ఒళ్ళు చల్లబడిపోయినా సరే, తెల్లకోటు మనిషి వచ్చి కళ్ళల్లోకి టార్చి వేసి గడియారం చూసి ఒక టైము చెప్పేదాకా బతికున్నట్టే లెక్క. అప్పటిదాకా పారామెడిక్ అతని ఛాతీ నొక్కుతూనే ఉండాలి. చేతులు పడిపోతున్నా సరే, తను నొక్కుతున్నది ఇక మనిషిని కాదని చేతులకు తెలిసిపోయినా సరే.

పెట్టెమ్మ ఆ పని పంతొమ్మిదేళ్ళు చేసింది. మందుల పెట్టె భుజాన వేసుకుని నాలుగేసి అంతస్తుల మెట్లెక్కే మనిషి కాబట్టి క్యాజువాల్టీలో వార్డుబాయ్‌లు ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది. ఇంట్లో కూతురు కూడా అలిగినప్పుడు పెట్టెమ్మా అనే పిలుస్తుంది.

ఆమె తల్లి అదే ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికేది. బడి అయ్యాక పెట్టెమ్మ ఆ ఉతుకుల గదిలోనే కూర్చుని లెక్కలు చేసుకునేది. నర్సు కావాలనుకుంది. నాలుగు మార్కులు తక్కువై పారామెడిక్ కోర్సులో పడింది. ఆ నాలుగు మార్కుల దూరం ఎంతో తర్వాత తెలిసింది. ఆస్పత్రిలో నర్సుకి ఒక గది, ఒక కుర్చీ ఉంటాయి. వీళ్ళని 'బండివాళ్ళు' అంటారు. బండివాళ్ళు స్ట్రెచర్ అప్పగించి, సంతకం పెట్టించుకుని బయటికి పోవాలి. కుర్చీలో కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి, "ఏం పని?" అని అడుగుతారు.

బండి నడిపేవాడి పేరు నత్త. పదకొండేళ్ళు ఆమెతో కలిసి పనిచేశాడు. పడుకున్న మనిషికి ప్రతి గుంతా వెన్నులో తగులుతుందని, గుంత కనిపిస్తే చాలు బండిని పసిపిల్లని దించినట్టు దించేవాడు. మిగతా డ్రైవర్లు నత్త అని వెక్కిరిస్తే, "అవును, కొమ్ములు కూడా ఉన్నాయి, జాగ్రత్త" అనేవాడు. పెట్టెమ్మ అతన్ని అన్నా అనేది. అతని భార్య వదిన అయింది. వదిన ఇంట్లో బట్టలు కుడుతుంది. మిగిలిన ముక్కలతో బండిలో దిండుకి గలేబులు కుట్టి పంపేది. పూలవి, చారలవి, ఒకసారి ఏనుగు బొమ్మలవి. గలేబులు తెల్లగా ఉండాలని పై అధికారి రెండుసార్లు రాసి పంపాడు. నత్త ఆ కాగితాలని టైరు కింద పెట్టాడు.

ఒక ఏడాది వర్సిటీ నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. సమాజశాస్త్రమట. బండివాళ్ళు ఎలా పనిచేస్తారో చూసి రాయడం ఆమె చదువు. నెలరోజులు వెనక సీట్లో నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంది. నత్త రెండోరోజే ఆమెకి రాతమ్మ అని పేరు పెట్టాడు.

"మేడం, నేను దగ్గితే కూడా రాసుకుంటున్నారా?"

"రాసుకుంటున్నా అంకుల్. ఇవాళ ఆరుసార్లు దగ్గారు."

"ఏడు. ఒకటి లోపలికి మింగాను."

రాతమ్మకి కనిపించినవి పెట్టెమ్మకి కొత్తవి కావు. కానీ ఒకరు లెక్కపెట్టి చెప్పేదాకా వాటికి బరువు తెలియలేదు. పెద్ద మేడల్లో మనిషికి ఊపిరాడకపోతున్నా, "బూట్లు విప్పి రండి" అంటారు. స్ట్రెచర్‌ని సామాన్ల లిఫ్టులో తెమ్మంటారు. ఇరుకు గల్లీల్లో అయితే బండి పట్టదు, కానీ మనుషులు పడతారు. ఒకసారి స్ట్రెచర్ మలుపు తిరగలేదని పక్కింటివాళ్ళు తమ తలుపు ఊడబీకి, దాని మీద మనిషిని మోసుకొచ్చారు. గల్లీలో ఆమెని అక్కా అంటారు. మేడలో "ఏయ్ అంబులెన్స్" అంటారు. అంబులెన్స్ అంటే ఇనుప బండి. మనిషినీ అలాగే పిలవవచ్చని వాళ్ళకి ఎవరు నేర్పారో తెలియదు. ఆఫీసు మాత్రం ఒక్కటే లెక్కపెడుతుంది, బండి ఎన్ని నిమిషాల్లో చేరిందని.

చివరిరోజు టీ తాగుతూ రాతమ్మ పుస్తకం తెరిచింది.

"మీరు ఇంటివాళ్ళకి చెప్పే మాటలు కూడా లెక్కపెట్టాను మేడం. ఎలా ఉంది అని అడిగితే ముప్ఫై ఒక్కమందికి 'తీసుకెళ్తున్నాం' అన్నారు. తొమ్మిదిమందికి 'చూస్తున్నాం' అన్నారు. ఆ తొమ్మిదిమంది తెచ్చిన రోగుల్లో ఒక్కరూ బతకలేదు."

పెట్టెమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. "నేనలా అంటానా?"

నత్త నవ్వాడు. "నీకిప్పుడు తెలిసిందా చెల్లెమ్మా? నాకు ఎనిమిదేళ్ళ నుంచి తెలుసు. వెనకనుంచి నువ్వు 'చూస్తున్నామమ్మా' అన్నావంటే నేను స్పీడు తగ్గించేస్తాను. ఇక తొందరేముంది? పోయినవాళ్ళ కోసం ఉన్నవాళ్ళని గుద్దడం దేనికి?"

"వదినకి కూడా చెప్పావా ఇది?"

"మా ఇంట్లో అది వాడుక మాట అయిపోయింది. మొన్న కుట్టుమిషను పాడైతే మెకానిక్ 'చూస్తున్నానమ్మా' అన్నాడట. మా ఆవిడ ఇంటికొచ్చి, 'మిషను పోయిందండీ' అని కూర్చుంది." నవ్వుతూనే ఛాతీ మీద అరచేత్తో రుద్దుకున్నాడు, జేబులోంచి ఒక మాత్ర తీసి చప్పరించాడు. గ్యాసు. ఎప్పుడూ ఉండేదే. "ఒక్కటి గుర్తుపెట్టుకో చెల్లెమ్మా. నాకేమన్నా అయినరోజు మా ఆవిడ దగ్గర మాత్రం ఆ మాట అనకు. అక్కడే కూలిపోతుంది."

"నోరుముయ్ అన్నా. టీ తాగు."

"మాటివ్వు."

"ఇచ్చాలే. తాగు."

రాతమ్మ అది కూడా రాసుకుంది.

ఏడాదిన్నర తర్వాత, ఒక మధ్యాహ్నం. బండి ఎప్పటిలాగే ఫ్లైఓవర్ కింద, పెట్రోలు బంకు పక్కన ఆగి ఉంది. వాళ్ళకి విశ్రాంతి గది అంటూ లేదు, బంకు బాత్‌రూమే దిక్కు. షిఫ్టు ఉదయం ఆరు నుంచి రెండు వరకు. పొద్దుటి నుంచి నత్తకి గ్యాసు ఎక్కువగా ఉంది. "సెలవు పెట్టొచ్చుగా" అంటే, "బదులు మనిషిని చూపించి వెళ్ళమంటారు. ఎక్కణ్ణుంచి తేను?" అన్నాడు. అతని సీటుకి రెండు అడుగుల వెనక గుండెని చదివే యంత్రం ఉంది. అందులోంచి వచ్చే ప్రతి కాగితానికీ ఒక కాల్ నంబరు ఉండాలి. కాల్ ఎవరూ చేయలేదు కాబట్టి నత్తకి నంబరు లేదు. నంబరు లేకపోయినా పెట్టి చూడొచ్చని ఆ క్షణాన ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఎవరి ఇంట్లోనైనా, "గ్యాసు అనుకున్నామండీ" అంటే లోలోపల విసుక్కున్న మనిషి పెట్టెమ్మ.

ఒకటీ అయిదుకి ఆమె బాత్‌రూమ్ నుంచి తిరిగొచ్చేసరికి నత్త స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఉన్నాడు. పడుకున్నాడనుకుంది. భుజం తట్టింది.

తర్వాతివన్నీ చేతులే చేశాయి. పెట్రోలు పోసే అతన్ని కేకేసింది. ఇద్దరూ కలిసి నత్తని కిందికి దించారు. నొక్కడం మొదలుపెట్టింది. బంకతను ఫోను ఆమె చెవి దగ్గర పట్టుకుంటే కంట్రోల్ రూముకి చెప్పింది. రెండో బండి ఇరవై నిమిషాల దూరంలో ఉందన్నారు.

బండి పక్కనే ఉంది. ఆక్సిజన్ ఉంది, మందులున్నాయి, ఏనుగుల గలేబు వేసిన దిండు ఉంది. నడిపేవాడే నేల మీద ఉన్నాడు. నొక్కడం ఆపి ఆమె బండి నడపలేదు. బండి నడిపితే నొక్కేవాళ్ళు లేరు. ఒక్కో బండికి ఇద్దరు మనుషులు చాలని ఏ గదిలోనో కూర్చుని తీర్మానించినవాళ్ళ లెక్కలో, ఆ ఇద్దరిలో ఒకరు పడిపోవడం లేదు.

"అక్కా, ఎలా ఉంది?" అన్నాడు బంకతను.

పెట్టెమ్మ యంత్రం వైపు చూసింది. గీత ఎగుడుదిగుడు లేకుండా తిన్నగా పోతోంది. మందు ఇచ్చింది. మళ్ళీ నొక్కింది. కంటిపాపలు పెద్దవయ్యాయి. అలవాటు కొద్దీ చేతి గడియారం చూసింది. ఒకటీ ఇరవై. ఆ టైము ఎవరికీ చెప్పాల్సింది కాదు, ఎక్కడా రాయాల్సింది కాదు. కానీ లోపల పడిపోయింది.

రెండో బండి ఒకటీ ఇరవయ్యేడుకి వచ్చింది. అందులోని టెక్నీషియన్ కుర్రతనం దాటినవాడే, నత్తని గురువుగారూ అనేవాడు. ఏడుస్తూనే చెయ్యి కలిపాడు. బండి కదిలింది. దార్లో నత్త చొక్కా జేబులో ఫోను మోగింది. రోజూ ఒంటిగంటన్నరకి అన్నం తిన్నానని అతను ఇంటికి ఫోను చేస్తాడు. ఇవాళ చేయలేదు.

"ఎత్తు అక్కా, నేను నొక్కుతాను" అన్నాడు టెక్నీషియన్.

"ఏంటండీ, తిన్నారా లేదా?" అంది వదిన. వెనక మిషను చప్పుడు.

"వదినా. నేను."

మిషను ఆగింది. "ఆయనేరీ?"

"బంకు దగ్గర పడిపోయాడు వదినా. బండిలో ఉన్నాం."

"ఎలా ఉన్నారు?"

ఆమెకి మూడు మాటలున్నాయి. ఒకటి నియమావళి ఒప్పుకోదు. ఒకటి అననని మాటిచ్చింది. మూడోదే మిగిలింది.

"తీసుకెళ్తున్నాం వదినా."

"తీసుకెళ్తున్నారా?" అవతల ఊపిరి వినిపించింది. "నిజంగా తీసుకెళ్తున్నారా?"

"తీసుకెళ్తున్నాం."

"సరే. సరే తల్లీ. వస్తున్నా. నువ్వున్నావుగా."

ఫోను పెట్టేశాక పెట్టెమ్మ ముందు సీటు వైపు చూసింది. అక్కడ వేరే డ్రైవరు. గుంతల మీద బండి ఎగిరెగిరి పడుతోంది. ఎవరూ స్పీడు తగ్గించలేదు.

ఆస్పత్రిలో డాక్టరు మరో మనిషి దగ్గర ఉంది. ఆ ఒక్కతే ఉంది, ఆమె తప్పూ కాదు. పద్దెనిమిది నిమిషాలు వరండాలో వంతులవారీగా నొక్కారు. డాక్టరు వచ్చి టార్చి వేసి చూసి, గోడ గడియారం వైపు తిరిగి, "రెండూ పది" అంది.

పది నిమిషాల తర్వాత వదిన వచ్చింది. చేతిలో సంచీ. అందులో తువ్వాలు, కళ్ళజోడు, ఫోను ఛార్జరు, ఇంట్లో తొడుక్కునే చెప్పులు.

"బూట్లతో వార్డులో తిరగనివ్వరుగా, అందుకని చెప్పులు తెచ్చాను. ఏ వార్డు? తెలివిలో ఉన్నారా?"

పెట్టెమ్మ నోరు తెరిచింది. వదినా, అన్న లేడు అని చెప్పాలి. ఇప్పుడు చెప్పవచ్చు కూడా, డాక్టరు చెప్పేసింది. గొంతులో మాట కట్టుకుంటూ ఉండగానే పంతొమ్మిదేళ్ళ అలవాటు ముందు దూకింది.

"లోపల... చూస్తున్నారు వదినా."

వదిన ఆమె మొహం కేసి చూసింది. సంచీ మెల్లగా కింద పెట్టింది. చెప్పులు సంచీలోంచి బయటికి జారాయి. వంగి, వాటిని జతగా సర్ది గోడ పక్కన పెట్టింది.

"ఎన్నింటికి?" అంది.

నత్తని పనిలో పెట్టుకున్నది ఒక ఏజెన్సీ. డ్యూటీలో పోయిన మనిషి కుటుంబానికి పింఛను ఇవ్వాలని ఒప్పందంలో ఉంది. నెల తిరగకుండానే వదినకి ఉత్తరం వచ్చింది. మీ భర్త షిఫ్టు రెండు గంటలకు ముగిసింది, డాక్టరు ధ్రువీకరణ ప్రకారం వారు రెండూ పదికి మరణించారు, కావున ఇది విధుల్లో మరణం కిందికి రాదు. ఆ పది నిమిషాల్లో నత్త ఎక్కడికి పోతున్నట్టు రాశారో గానీ, స్ట్రెచర్ మీద పడుకుని, యూనిఫాం చొక్కాతో, వాళ్ళే ఇచ్చిన బూట్లతో ఉన్నాడు.

పెట్టెమ్మ ఒక ఆదివారం బండిలో ఉండిపోయిన నత్త దువ్వెన, స్టీలు గ్లాసు తీసుకుని వదిన ఇంటికి వెళ్ళింది. అంతకుముందు ధైర్యం చాలలేదు. వదిన మిషను దగ్గర ఉంది. కుడుతూనే మాట్లాడింది.

"ఆరోజు ఆటోవాడితో పోట్లాడాను, తొందరగా పోనివ్వమని. దార్లో మంచం ఎక్కడ వెయ్యాలో కూడా అనుకున్నాను. కిటికీ దగ్గరయితే గాలి వస్తుందని."

"తప్పు చేశాను వదినా."

"ఆ ముప్పావుగంట ఇచ్చినందుకు నీకు దణ్ణం పెట్టాలా, తిట్టాలా అని నెలరోజులు ఆలోచించాను. ఇప్పుడు చెప్తున్నా, తిడతాను. నాకు తెలిసుంటే మెల్లగా వచ్చేదాన్ని. ఆయన మొహం తలుచుకుంటూ వచ్చేదాన్ని. మంచం గురించి కాదు."

పెట్టెమ్మ తల వంచుకుంది.

వదిన మిషను ఆపింది. "ఆస్పత్రి కాగితంలో రెండూ పది. నాకు రెండూ ఇరవై. నీకెంత?"

పెట్టెమ్మ గడియారం ఉన్న చేతిని ఒళ్ళోకి లాక్కుంది.

"నువ్వు గడియారం చూసుంటావు. ఆయన చెప్పేవాడు, ఎవరు పోయినా చెల్లెమ్మ చెయ్యి చూసుకుంటుందని. చెప్పు. నీకెంత?"

"ఒకటీ ఇరవై."

"డ్యూటీలోనే."

"డ్యూటీలోనే వదినా. బంకు పక్కన."

"అది రాసివ్వు."

అది రాసివ్వడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. టెక్నీషియన్ ముందే చెప్పాడు, "అక్కా, నీ పోస్టు కూడా కాంట్రాక్టే. రెండూ పది అనెయ్యి, ఊరుకో." ఆ రాత్రి ఇంట్లో భర్త కూడా అదే అన్నాడు. అతను బస్సు డిపోలో మెకానిక్కు, పిరికివాడు కాదు, లోకం చూసినవాడు. "నువ్వు రాసినా వాళ్ళు ఒప్పుకోరు. మన పిల్ల చదువు సగంలో ఉంది."

పెట్టెమ్మ అల్మారాలోంచి రాతమ్మ పంపిన పుస్తకం తీసింది. అచ్చయి వచ్చి ఏడాదైనా సరిగా తెరవలేదు. అందులో తను ఏడో వ్యక్తి, నత్త ఎనిమిదో వ్యక్తి. ఒక పట్టికలో ఇలా ఉంది: ఎనిమిదో వ్యక్తి రోజుకి సగటున నాలుగుసార్లు ఛాతీ రుద్దుకుంటాడు, గ్యాసు మాత్ర వేసుకుంటాడు, డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి సెలవు దొరకదంటాడు. నెలరోజులు వెనక సీట్లో కూర్చున్న పరాయి పిల్లకి కనిపించింది. వైద్యం తెలియదు కాబట్టి ఆ పిల్ల దాన్ని లెక్కపెట్టి పట్టికలో పెట్టింది. వైద్యం తెలిసిన తను పక్కనే పదకొండేళ్ళు కూర్చుంది. పట్టిక అచ్చయింది, అటకెక్కింది. వీళ్ళ బతుకుల గురించి లోకానికి తెలియనిది ఏమీ లేదు. తెలిసినది ఎవరి బల్ల మీదికీ వెళ్ళదు, అంతే.

ఏజెన్సీ వాళ్ళు ఇచ్చిన ఫారంలో 'సంఘటన వివరాలు' అని నాలుగు గీతలున్నాయి. పెట్టెమ్మ పెన్ను తీసింది. ఒకటీ ఇరవైకి, బంకు పక్కన, డ్యూటీలో ఉండగా, అని రాసి ఆగింది. పంతొమ్మిదేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా రాయలేదు. అక్షరాలు సరిగ్గా పడతాయో లేదో అన్నట్టు ముందు అరచేతి మీద వేలితో రాసుకుని చూసింది. తర్వాత కాగితం మీద రాసింది. చనిపోయారు. కింద అసలు పేరుతో సంతకం పెట్టింది.

వారంలో మెమో వచ్చింది. మరణ సమయాన్ని నిర్ధారించే అర్హత మీకు లేదు, వివరణ ఇవ్వండి, అంతవరకు బండి ఎక్కవద్దు. ఆమెని స్టోర్ రూములో వేశారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా గ్లౌజుల పెట్టెలు సర్దడం. వార్డుబాయ్‌లు దారిన పోతూ, "పెట్టెమ్మకి ఇన్నాళ్ళకి పెట్టెలు దొరికాయి" అన్నారు. ఆమె నవ్వింది. వాళ్ళు నవ్వలేకపోయారు.

అప్పటినుంచి ఏజెన్సీ ఆఫీసుకి ఇద్దరూ కలిసే వెళ్ళారు. వదిన లోపలికి వెళ్తుంది. పెట్టెమ్మ మెట్ల దగ్గర బల్ల మీద కూర్చుంటుంది, ఆమెని లోపలికి రానివ్వరు. మొదటిసారి పెద్దసారు లేరన్నారు. రెండోసారి ఫైలు పై ఆఫీసుకి వెళ్ళిందన్నారు. మూడోసారి పై ఆఫీసు నుంచి తిరిగొచ్చిందన్నారు. ఆ మూడుసార్లూ వదిన గబగబా మెట్లు దిగి, "వచ్చే వారం రమ్మన్నారు" అంటూ బస్సు కోసం పరుగెత్తింది. తొందరగా వెళ్తే అంత తొందరగా వచ్చే వారం వస్తుందన్నట్టు.

నాలుగోసారి చాలాసేపు పట్టలేదు. అయిదు నిమిషాల్లో బయటికి వచ్చింది. తలుపు తనే మూసింది, చప్పుడు కాకుండా. బల్ల దగ్గరికి వచ్చి పెట్టెమ్మ పక్కన కూర్చుంది.

"ఏమన్నారు వదినా?"

వదిన ఒళ్ళో సంచీ సర్దుకుంది. ఆరోజు ఆస్పత్రికి తెచ్చిన సంచీయే అది.

"చూస్తున్నామమ్మా అన్నారు."

రోడ్డు మీద ఒక బండి సైరన్ వేసుకుంటూ పోయింది. ఇద్దరూ అలవాటుగా తలెత్తి, చప్పుడు దూరమయ్యేదాకా విన్నారు. బస్టాపులో వాళ్ళ బస్సు వచ్చి ఆగడం మెట్ల దగ్గరికి కనిపిస్తోంది. పెట్టెమ్మ గబుక్కున లేచింది. వదిన ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"మెల్లగా పోదాం పద" అంది. "ఇక తొందరేముంది."